కూలి లెక్క కూడా వైద్యం లెక్కే



క్యాన్సర్‌కు ఇచ్చే రేడియేషన్ వైద్యాన్ని మనవాళ్లు కరెంటు పెట్టించుకోవడం అంటారు. ఆ మాట చెవిన పడగానే ఇంట్లో రెండు భయాలు పుడతాయి. ఒళ్లు కాలుతుందేమోనని ఒకటి. ఇన్ని వారాలు సాంచాలు వదిలేస్తే పొయ్యి ఎలా వెలుగుతుందని రెండోది. మొదటి భయానికి డాక్టర్లు జవాబు చెబుతారు. రెండోదానికి జవాబు చెప్పేవారు లేకనే మనవాళ్లు వైద్యాన్ని నడిమధ్యలో వదిలి వస్తున్నారు.

కరెంటు అన్నది పేరుకే. షాకు కొట్టేది ఏమీ ఉండదు. ఎక్స్‌రే వంటిదే, అంతకంటే ఎంతో శక్తి గల కిరణాన్ని గడ్డ మీదికి పంపుతారు. ముందు స్కాన్ తీసి, కిరణం ఏ వైపు నుంచి, ఎంత మోతాదు, ఎన్ని విడతలు అని లెక్క కడతారు. దాన్నే ప్లానింగ్ అంటారు. బీము మీద పోగుల లెక్క తప్పితే నేసిన గుడ్డంతా పాడవుతుందని మనకు ఒకరు చెప్పనక్కర లేదు. ఇక్కడా అంతే. మధ్యలో ఎక్కువ రోజులు మానేస్తే మిగిలిన క్యాన్సర్ కణాలు మళ్లీ పెరుగుతాయి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కైతే బయటి నుంచీ, లోపలి నుంచీ ఇచ్చే రేడియేషన్ అంతా కలిపి 8 వారాల్లో ముగించాలన్నది డాక్టర్లు పాటించే నియమం.

ఈ లెక్క మీద జరిగిన పరిశోధన మనకు మేలు చేసింది. రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ తర్వాత ఒకప్పుడు 5 వారాల పాటు 25 విడతలు ఇచ్చేవారు. 3 వారాల్లో 15 విడతలు ఇచ్చినా ఫలితం తగ్గలేదని బ్రిటన్ డాక్టర్లు 10 ఏళ్లు గమనించి 2013లో తేల్చారు. ఆ దేశంలోనే 97 ఆసుపత్రుల్లో 4,096 మందితో జరిపిన ఫాస్ట్ ఫార్వర్డ్ పరిశోధన 2020లో వెలువడింది. ఒక్క వారంలో 5 విడతలతో ముగించినా, 5 ఏళ్ల తర్వాత చూస్తే వ్యాధి తిరగబెట్టడం ఎక్కువ కాలేదు.

మన బొంబాయిలోనూ పని జరిగింది. టాటా మెమోరియల్ ఆసుపత్రి 1941లో పరేల్‌లో మిల్లు చిమ్నీల మధ్యనే వెలిసింది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు ఆపరేషన్ అయి రేడియేషన్ అవసరమైన 300 మంది స్త్రీలతో అక్కడి డాక్టర్లు జరిపిన పరిశోధన 2021లో ప్రచురితమైంది. పాత పద్ధతిలో 3 ఏళ్లలో నూటికి 42 మందికి పేగుల బాధ వస్తే, రోజూ బొమ్మ తీసి చూసుకుంటూ పేగులను తప్పించి కిరణం ఇచ్చే కొత్త పద్ధతిలో 21 మందికే వచ్చింది. రోజంతా నిలబడి సాంచాలు నడిపే మనిషికి పేగుల బాధ లేకపోవడమంటే మళ్లీ పనిలోకి రాగలగడం.

ఆసుపత్రి పని వైద్యం చేయడం, కూలి సంగతి దానికెందుకు అని కొందరు అంటారు. మేము ఒప్పుకోము. ఒక షెడ్డులో పనిచేసే సోదరి 14 విడతలు పూర్తయ్యాక తిరిగి వచ్చేసింది. ఆమె సాంచాలు ఇంకొకరికి ఇచ్చేస్తానని సేటు కబురు పెట్టాడు. యంత్రం బాగుంది, డాక్టరు లెక్క బాగుంది. కూలి లెక్క ఎవరూ కట్టలేదు, అందుకే వైద్యం ఆగింది. 25 విడతలు 15 అయితే రోగికి రెండు వారాల కూలి మిగులుతుంది. యంత్రం దగ్గర వరుసలో ఉన్న ఇంకొకరికి తొందరగా వంతు వస్తుంది. కాబట్టి రోజులు కూడా మందే.

అందుకని ప్లానింగ్ నాడే డాక్టరు గారిని అడగండి: మొత్తం ఎన్ని విడతలు? నా జబ్బుకు తక్కువ రోజుల పద్ధతి కుదురుతుందా? షోలాపూర్ వాళ్లయితే, బొంబాయి దాకా రాకుండా బార్షీలోని నర్గీస్ దత్ ఆసుపత్రిలో చేయించుకోవచ్చా? చిన్న పద్ధతి అందరికీ కుదరదు, నిర్ణయం డాక్టరుదే. కానీ అడగడం మన హక్కు. తేదీలు రాయించుకుని తెచ్చుకోండి. రైలులో క్యాన్సర్ రోగికి స్లీపర్ టికెట్ ఉచితం, తోడు వచ్చేవారికి రాయితీ ఉంది.

ఈ.ఎస్.ఐ.లో మామూలు జబ్బుకు ఏడాదికి 91 రోజులు, కూలిలో 70 శాతం వస్తుందని చాలామందికి తెలుసు. క్యాన్సర్ వంటి దీర్ఘవ్యాధులకు ఇది 2 ఏళ్ల వరకు, 80 శాతం చొప్పున పొడిగిస్తారని తెలిసినవారు తక్కువ. దానికి 2 ఏళ్లు ఎడతెగని ఉద్యోగం, 156 రోజుల చందా ఉండాలి. మరి కార్డే లేని షెడ్డు కార్మికుడి గతి ఏమిటి?

అందుకే మా డిమాండ్లు మూడు. ప్రతి పవర్‌లూమ్ కార్మికుడి పేరు ఈ.ఎస్.ఐ.లో ఎక్కించాలి. వైద్యం నడిచినన్నాళ్లు పని నుంచి తీసేయరాదు. ఆసుపత్రులు మొదటి రోజే సెలవు కాగితం, బస వివరం రోగి చేతికి ఇవ్వాలి.

ఇంట్లో ఈ జబ్బు ఉంటే దాచకండి. కాగితాలు తీసుకుని యూనియన్ ఆఫీసుకు రండి. శాస్త్రజ్ఞులు వారాలు తగ్గించారు. మిగిలిన వారాల తిండి సంగతి మనం కలిసి పోరాడి సాధించుకోవాలి.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!

— కార్యదర్శి