కాస్త జరిగి చోటిద్దాం

బదిలీలు మీకే కాదు, మాకూ అలవాటే. కొత్త బడిలో మొదటిరోజు బెరుకు మాకూ తెలుసు. అయినా ఏడాది మధ్యలో చేరి అల్లరి చేసిన పిల్లవాణ్ణి చివరి బెంచీకి పంపాం. అల్లరి ఆగలేదు. రోజూ బోర్డుమీద తేదీ రాసే పని అప్పగించాక కుదురుకున్నాడు.

1920లలో వియన్నాలో ఆల్ఫ్రెడ్ ఆడ్లర్ అనే వైద్యుడు ఉపాధ్యాయుల ఎదుటే పిల్లలతో మాట్లాడి, వారికి శిక్షణ ఇచ్చారు. అల్లరి వెనుక నలుగురిలో తన చోటు కోసం వెతుకులాట ఉంటుందని ఆయన మార్గం చెబుతుంది.

ఈ శిక్షణ కౌన్సిలర్లకే కాదు, ప్రతి టీచరుకూ కావాలి. మార్కులొస్తే శభాష్ అనడం మెప్పు. తప్పులు చేస్తూనే ప్రయత్నించేవారికి తోడు నిలవడం ప్రోత్సాహం. ఆ తేడా మేం నేర్చుకోవాలి. ఈలోగా, కొత్తగా వచ్చినవారికి మీ బెంచీలో కాస్త జరిగి చోటివ్వండి.