ప్రకటనలో ఉన్న సీటు టికెట్‌లో లేదు

విదేశాల్లో స్థిరపడిన మన పిల్లలు అమ్మానాన్నలకు బిజినెస్ క్లాస్ టికెట్ కొనేటప్పుడు మొదట అడిగేది ఏ ఎయిర్‌లైన్ మంచిదని. జవాబులు కూడా సిద్ధంగానే ఉంటాయి. గల్ఫ్ సంస్థలకు తిరుగులేదంటారు, యూరప్ వాళ్లది పద్ధతిగా ఉంటుందంటారు, ఎయిర్ ఇండియా మాత్రం వద్దంటారు. ట్రావెల్ ఏజెంట్లూ ఇదే చెబుతారు, పెళ్లిళ్లలో కలిసిన బంధువులూ ఇదే చెబుతారు. ఈ నమ్మకం మొదలంటా తప్పు. ఎయిర్‌లైన్ పేర్లు చూసి బిజినెస్ క్లాస్‌లో మంచిచెడ్డలు తేల్చేవాళ్లు ప్రకటనల్ని పోలుస్తున్నారే తప్ప ప్రయాణాల్ని పోల్చడం లేదు.

ఒక్కో విమానం ఇరవై ఏళ్లు, అంతకంటే ఎక్కువ కాలం కూడా ఎగురుతుంది. ఆ జీవితకాలంలో లోపలి సీట్లు మార్చేది ఒకసారో, మహా అయితే రెండుసార్లో. అందువల్ల ఏ పెద్ద సంస్థను తీసుకున్నా, ఒకే పేరుతో రెండు మూడు తరాల సీట్లు ఒకేసారి ఆకాశంలో తిరుగుతుంటాయి. ప్రకటనలో కనిపించేది మాత్రం అన్నిటికంటే కొత్తది. షోకేసులో కంచిపట్టు చూపించి పొట్లంలో మరో చీర కట్టిచ్చే దుకాణానికి మనం రెండోసారి వెళ్లం. విమానం దగ్గరికొచ్చేసరికి అదే పని మామూలు వ్యాపారమైపోయింది.

ఎమిరేట్స్ సంగతే చూడండి. ఆ సంస్థ ప్రకటనల్లో ఏళ్ల తరబడి కనిపించిన గుండ్రటి బార్ ఎయిర్‌బస్ ఏ380 పైఅంతస్తు వెనక భాగంలో ఉంటుంది. శంషాబాద్ నుంచి దుబాయ్‌కి మనవాళ్లు ఇన్నేళ్లుగా ఎక్కుతూ వచ్చింది ఎక్కువగా బోయింగ్ 777. అందులో బారూ లేదు, ఏ380లోని సీటూ లేదు. పాత 777ల బిజినెస్ క్లాస్‌లో వరసకు ఏడు సీట్లు, 2-3-2గా. అంటే లక్షలు పోసి కొన్నా ఇద్దరి మధ్యన ఇరుక్కుని కూర్చునే నడిమి సీటు దక్కొచ్చు. 777లకు 1-2-1 సీట్లు బిగించే పని 2024లో గానీ మొదలుకాలేదు.

ఖతార్ ఎయిర్‌వేస్ 2017 మార్చిలో బెర్లిన్‌లో క్యూసూట్‌ను ఆవిష్కరించింది. తలుపు వేసుకుంటే చిన్న గది, నలుగురు ఎదురెదురుగా కూర్చోగల ఏర్పాటు కూడా ఉంది. అది గొప్ప సీటే, కాదనను. కానీ అదే సంస్థ 787-8లలో తలుపు లేదు. కొన్ని పాత ఏ330లలో అయితే 2-2-2 వరసలే. ఖతార్ బిజినెస్ క్లాస్ అద్భుతమని ఎవరైనా చెబితే, ఏ విమానంలో వెళ్లారని అడగకుండా ఆ మాటకు విలువ కట్టలేం.

బ్రిటిష్ ఎయిర్‌వేస్ కథ ఇంకా వివరంగా చెప్పుకోవాలి. హైదరాబాద్ నుంచి లండన్‌కు నేరుగా వెళ్లేవాళ్లలో చాలామందికి తెలిసిన విమానం ఆ సంస్థ 787. పూర్తిగా పడుకోగల మంచాన్ని 2000లో బిజినెస్ క్లాస్‌లోకి తెచ్చిన సంస్థ ఇదే, ఆ ఘనత దానికి ఇవ్వాల్సిందే. తలుపున్న కొత్త క్లబ్ సూట్‌ను 2019లో ప్రకటించింది. ఆ తర్వాత ప్రకటనలన్నీ దానివే. 787-8, 787-9లలో మాత్రం ఏళ్ల తరబడి పాత సీట్లే కొనసాగాయి. ఆ అమరికలో కిటికీ పక్కన కూర్చున్నవాళ్లు వెనక్కి తిరిగి ప్రయాణిస్తారు. విమానం లేచేటప్పుడు మధ్యలో తెర దింపి ఉంచుతారు కాబట్టి ముక్కూ మొహం తెలియని మనిషి మొహంలోకి చూస్తూ కూర్చోవాలి. రాత్రి బాత్రూమ్‌కి వెళ్లాలంటే పక్కనున్నవాళ్లు చాచుకున్న కాళ్ల మీదుగా దాటాలి. మోకాళ్ల నొప్పులున్న డెబ్భై ఏళ్ల అమ్మ చీర సర్దుకుంటూ ఆ చీకట్లో పరాయి మనిషి కాళ్లు దాటడాన్ని ఒక్కసారి ఊహించండి. నొప్పి లేకుండా వెళ్లొస్తుందనే కదా కూతురు ఆ టికెట్ కొన్నది!

అవార్డులు చూసి కొంటామనేవాళ్లున్నారు. వాళ్లకు లుఫ్తాన్సా ఉదంతం చెప్పాలి. 2017 డిసెంబర్‌లో, విమాన సంస్థలకు రేటింగ్ ఇచ్చే స్కైట్రాక్స్ లుఫ్తాన్సాకు ఐదు నక్షత్రాలిచ్చింది. యూరప్‌లో ఆ గౌరవం పొందిన మొదటి సంస్థ అని గొప్పగా ప్రచారం జరిగింది. అప్పటికి విమానాల్లో ఉన్నవి 2-2-2 సీట్లు. పక్కపక్కన పడుకున్న ఇద్దరి పాదాలు దాదాపు తగిలేలా ఏటవాలుగా అమర్చినవి. మరి ఐదో నక్షత్రం ఎలా వచ్చింది? 2020లో బోయింగ్ 777-9తో రాబోయే కొత్త బిజినెస్ క్లాస్‌ను కూడా లెక్కలోకి తీసుకున్నారు. ఆ విమానం 2020లో రాలేదు, 2025 చివరికీ రాలేదు. అలెగ్రిస్ అని పేరు పెట్టిన ఆ కొత్త సీట్లతో తొలి వాణిజ్య విమానం మ్యూనిక్ నుంచి వాంకూవర్‌కు 2024 మే 1న ఎగిరింది, అదీ ఏ350లో. మనిషన్నవాడు ఎవరూ ఒక్క రాత్రి కూడా పడుకోని సీటుకు ఆరున్నరేళ్ల ముందే మార్కులు వేశారన్నమాట. ఆ నక్షత్రాలు చూసి టికెట్ కొన్నవాళ్లు పాదాలు ముడుచుకుని పడుకున్నారు. వాళ్లకు ఎవరూ క్షమాపణ చెప్పలేదు.

కనెక్షన్ విమానాల సంగతి ఎవరూ ముందుగా చెప్పరు. ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో లండన్‌లోనో దిగి యూరప్‌లోనే మరో ఊరికి వెళ్తే, బిజినెస్ క్లాస్ పేరుతో ఇచ్చేది ఎకానమీ సీటే, మధ్య సీటు ఖాళీగా వదిలి. అమెరికాలో దేశీయ కనెక్షన్ ఎక్కితే వెనక్కి కాస్త వాలే వెడల్పు కుర్చీ దొరుకుతుంది. టికెట్ మీద మాత్రం చాలాసార్లు మొదటి నుంచి చివరిదాకా ఒకే మాట ఉంటుంది.

సంస్థల తరఫున వాదించేవాళ్లు చెప్పే కారణాలు నాకు తెలుసు, అవి నిజమే కూడా. సీట్లకు భద్రతా ధ్రువీకరణ కావాలి, తయారీదారుల దగ్గర సరఫరా ఆలస్యమవుతోంది, విమానాన్ని వారాల తరబడి హ్యాంగర్‌లో ఉంచాలి. ఎయిర్ ఇండియా 2022 డిసెంబర్‌లో 40 కోట్ల డాలర్లతో పాత పెద్ద విమానాల లోపలి భాగమంతా మారుస్తామని ప్రకటించింది. కొత్త ఏ350 2024 జనవరిలోనే ప్రయాణికులతో ఎగిరింది గానీ, మొదటి పాత 787 ఆ పనికి వెళ్లింది 2025లో. ఆలస్యాన్ని అర్థం చేసుకోగలను. కానీ పాత సీటును కొత్త సీటు బొమ్మతో, కొత్త సీటు ధరకు అమ్మడానికి ఏ సరఫరా ఇబ్బందీ కారణం కాదు. ఆలస్యం ఫ్యాక్టరీది కావచ్చు. ఆ సంగతి కొనేవాళ్లకు చెప్పకపోవడం మాత్రం పూర్తిగా అమ్మేవాళ్ల నిర్ణయం.

ఇది డబ్బున్నవాళ్ల బాధ, మనకెందుకు అనేవాళ్లూ ఉన్నారు. బిజినెస్ క్లాస్‌లో కూర్చునేవాళ్లందరూ కోటీశ్వరులు కారు. ఆపరేషన్ చేయించుకుని తిరిగొచ్చే రోగులున్నారు. మనవణ్ని చూడ్డానికి జీవితంలో ఒక్కసారి సముద్రం దాటే ముసలివాళ్లున్నారు. వాళ్లకోసం కార్డు మీద కొని నెలనెలా వాయిదాలు కట్టే పిల్లలున్నారు. అయినా మోసాన్ని తూచేటప్పుడు మోసపోయినవాళ్ల ఆస్తి చూడకూడదు.

మన ఊళ్లోనే వచ్చిన ఒక తీర్పు ఈ విషయంలో దారి చూపింది. తర్వాత తెలంగాణ డీజీపీ అయిన రవి గుప్తా, ఆయన భార్య 2023 మేలో సింగపూర్ ఎయిర్‌లైన్స్‌లో ఆస్ట్రేలియా వెళ్లారు. హైదరాబాద్ నుంచి సింగపూర్ వెళ్లే విమానంలో వాళ్ల బిజినెస్ క్లాస్ సీట్లు బటన్ నొక్కితే వాలలేదు. చేత్తో వాల్చుకునే వీలుందని సంస్థ వాదించింది, చెరో 10,000 మైళ్లు ఇస్తామంది. హైదరాబాద్‌లోని జిల్లా వినియోగదారుల కమిషన్ 2024 ఏప్రిల్‌లో చెరో రూ.48,750 వడ్డీతో తిరిగివ్వాలని, మనస్తాపానికి లక్ష రూపాయలు చెల్లించాలని ఆదేశించింది. ఆ 48,750 ఎక్కడిదనుకుంటున్నారు? చెల్లించిన రూ.66,750లోంచి ఎకానమీ ధర కింద రూ.18,000 తీసేస్తే మిగిలినది. ఏ సౌకర్యం కోసం అదనంగా డబ్బు తీసుకున్నారో అది ఇవ్వలేదు కాబట్టి ఆ అదనం వెనక్కి ఇవ్వమన్నారు. ఇంత సూటిగా లెక్క తేల్చిన తీర్పు ఈ వ్యాపారం మొత్తానికి వర్తించాలి.

కానీ ఫిర్యాదు చేసి, వాదించి, దాదాపు ఏడాది వేచి ఉండే ఓపిక అందరికీ ఉండదు. అందుకే నియమం మారాలి. పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2023 ఫిబ్రవరి 15 నుంచి అమలుచేస్తున్న నిబంధన ప్రకారం, కొన్న తరగతి కంటే కింది తరగతిలో కూర్చోబెడితే దేశీయ ప్రయాణంలో టికెట్ ధరలో 75 శాతం, అంతర్జాతీయ ప్రయాణంలో దూరాన్నిబట్టి 30, 50, 75 శాతం తిరిగివ్వాలి. మంచి నిబంధన. అందులో ఒక పెద్ద ఖాళీ ఉంది. తలుపున్న సూట్ చూపించి డబ్బు తీసుకుని, ఆఖరి నిమిషంలో విమానం మార్చి, 2-3-2 నడిమి సీటులో కూర్చోబెడితే ఆ నిబంధన కింద పైసా రాదు. తరగతి మారలేదు కదా అంటారు. విమానాన్నైనా సీటునైనా మార్చే హక్కు మాకుందని షరతుల్లో ముందే రాసుకుంటారు కూడా.

తప్పుదోవ పట్టించే ప్రకటనలపై కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ 2022 జూన్‌లో ఇచ్చిన మార్గదర్శకాలు, పెద్దక్షరాల్లో చెప్పిన అబద్ధాన్ని చిన్నక్షరాల షరతుతో సరిదిద్దడం కుదరదంటున్నాయి. తొలిసారి పది లక్షలు, మళ్లీ చేస్తే యాభై లక్షల దాకా జరిమానా వేసే అధికారం చట్టంలోనే ఉంది. ఆ అధికారాన్ని విమాన సంస్థల మీద వాడాలి. సీటు బొమ్మ వేసిన ప్రతి ప్రకటనలో అది ఏ విమానంలో, ఏ రూట్లలో ఉందో అదే సైజు అక్షరాల్లో వేయించాలి. టికెట్ మీద తరగతితోపాటు సీటు రకం అచ్చు వేయించాలి. ఆ సీటు ఇవ్వలేకపోతే, తరగతి దించినప్పటిలాగే డబ్బు వెనక్కి ఇచ్చేలా డీజీసీఏ తన నిబంధనకు ఒక్క పేరా జోడించాలి.

అది జరిగేలోపు టికెట్ కొనేవాళ్లు ఎయిర్‌లైన్ పేరు పక్కన పెట్టి, తాము ఎక్కే తేదీన ఏ విమానం నడుస్తుందో, సీట్ మ్యాప్‌లో వరసకు ఎన్ని సీట్లున్నాయో చూడాలి. ఏడు కనిపిస్తే ఏజెంట్‌ను గట్టిగా నిలదీయండి. రాత్రంతా సాగే విమానంలో మంచి సీటు, పగటిపూట నాలుగు గంటల విమానంలో పాత సీటు వచ్చేలా ఎంచుకుంటే చాలాసార్లు ధర కూడా తగ్గుతుంది. బుక్ చేసిన రోజే ఆ సీట్ మ్యాప్‌ను, ప్రకటనను ఫోన్లో స్క్రీన్‌షాట్ తీసి దాచండి. వినియోగదారుల కమిషన్ ముందు నిలబడాల్సి వస్తే చేతిలో ఉండాల్సిన సాక్ష్యం అదే.