ఉద్యోగపర్వం

తెలుగులో 'ఉద్యోగం' అనే మాటకు నేడు నెలజీతం వచ్చే కొలువు అన్న అర్థమే స్థిరపడింది. సంస్కృతంలో దానికి ప్రయత్నమని, పూనిక అని అర్థం. మన ప్రాచీన కావ్యాలలోనూ 'ఉద్యోగించు' అంటే పూనుకొనడమే. తిక్కన తెలుగు చేసిన ఉద్యోగపర్వం కొలువుల కథ కాదు. ఒక మహాకార్యానికి ముందు జరిగిన సన్నాహాల కథ. కాలక్రమంలో మాట మిగిలింది, పూనిక జారిపోయింది. పిల్లల చదువును గురించి మన ఇళ్ళలో జరిగే చర్చలు తరచుగా "ఉద్యోగం వస్తుందా?" అనే ప్రశ్నతోనే ముగియడం ఇందుకు నిదర్శనం.

ఈ స్థితి కొంత మారుతున్నది. 2015లో హైదరాబాదులో టీ-హబ్ ఏర్పడింది. 2016 జనవరిలో కేంద్ర ప్రభుత్వం స్టార్టప్ ఇండియా కార్యక్రమాన్ని ప్రారంభించింది. స్వయంగా ఒక సంస్థను స్థాపించాలనే కోరిక యువతలో కలగడం హర్షణీయం. అయితే ఎంత పెట్టుబడి రాబట్టారు, ఎంత త్వరగా ఎదిగారు అన్నవే ఘనతకు కొలమానాలు కావడం ఆందోళన కలిగించే విషయం. సంస్థను నిలబెట్టే మూలధనం దానిమీద ఇతరులు ఉంచే నమ్మకమేనని నా అభిప్రాయం. హైదరాబాదులోనే పుట్టిన రెండు సంస్థల చరిత్ర ఈ విషయాన్ని విశదం చేస్తుంది.

నెల్లూరు జిల్లాకు చెందిన కె.ఐ. వరప్రసాద్ రెడ్డి ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు. 1992లో జెనీవాలో జరిగిన ఒక సదస్సులో ఆయన హెపటైటిస్-బి వ్యాధి తీవ్రతను తెలుసుకొన్నారు. కాలేయాన్ని దెబ్బతీసే ఆ వ్యాధికి అప్పటికే టీకా ఉన్నది. కాని అది విదేశాల నుండి రావలసిందే. ఒక్క మోతాదుకు వందల రూపాయలు వెచ్చించాలి. అటువంటివి మూడు మోతాదులు కావాలి. సామాన్య కుటుంబానికి అది అందని మ్రానిపండు. సాంకేతిక పరిజ్ఞానం కోసం ఒక విదేశీ సంస్థను అర్థించగా ఆయనకు తిరస్కారమే ఎదురైంది.

1993లో ఆయన తన తల్లి పేరిట శాంతా బయోటెక్నిక్స్‌ను స్థాపించారు. టీకాల తయారీ ఆయన చదివిన విద్య కాదు. కనుక ఆ విద్య నేర్చిన శాస్త్రవేత్తలను కూర్చుకొన్నారు. తొలుత ఉస్మానియా విశ్వవిద్యాలయంలోనూ, తరువాత సి.సి.ఎం.బి.లోనూ పరిశోధన సాగింది. స్వదేశంలో పెట్టుబడి దొరకనప్పుడు ఒమన్ విదేశాంగ మంత్రి యూసుఫ్ బిన్ అలవీ అండగా నిలిచారు. నాలుగేళ్ళ కృషి తరువాత, 1997లో శాన్‌వాక్-బి విడుదలైంది. జన్యు పునస్సంయోజన విధానంలో మన దేశంలో రూపొందిన తొలి టీకా అదే. దిగుమతి టీకా ధరలో కొద్ది భాగానికే అది లభించింది. 2002లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదమూ పొందింది.

నమ్మకం ఒకసారి సంపాదించి పెట్టెలో దాచుకొనే వస్తువు కాదు. 2009లో శాంతా సంస్థ ఫ్రాన్సుకు చెందిన సనోఫి చేతికి వచ్చింది. మరుసటి ఏడే, ఐదు వ్యాధుల నివారణకు అది తయారుచేసిన శాన్5 టీకా సీసాలలో తెల్లని అవక్షేపం కనిపించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ టీకాను ఆమోదిత జాబితా నుండి తొలగించింది. అది మరల ఆ జాబితాలోకి రావడానికి 2014 వరకు వేచి ఉండవలసి వచ్చింది.

రెండవది 1987లో మొదలైన సత్యం కంప్యూటర్స్. వేలాది తెలుగు కుటుంబాలకు ఉపాధినిచ్చి, మన యువత మేధను దేశదేశాలకు పరిచయం చేసిన సంస్థ అది. 2009 జనవరి 7న దాని అధ్యక్షుడు లెక్కలలోని అసత్యాన్ని లేఖాముఖంగా అంగీకరించారు. పుస్తకాలలో చూపిన నగదు, బ్యాంకు నిల్వలలో 5,040 కోట్ల రూపాయలు లేనే లేవు. తొలుత స్వల్పంగా ఉన్న వ్యత్యాసం ఏళ్ళు గడిచేకొద్దీ అదుపు తప్పిందని ఆయనే వ్రాశారు. ఏ తప్పూ చేయని సుమారు 50 వేల మంది ఉద్యోగుల భవిష్యత్తు ఒక్కరోజులో ప్రశ్నార్థకమైంది. ఆ ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా ఆ సంస్థను స్వీకరించడంతో ముప్పు కొంత తొలగింది. అక్కడ సాంకేతిక నైపుణ్యానికి కొరత లేదు. మొదటి ఏడాదే లోటును లోటుగా చూపగల ధైర్యం కొరవడింది.

సంస్థను నమ్మేవారిలో వినియోగదారులు, మదుపుదారులే కాక అందులో పనిచేసేవారూ ఉంటారు. 2023 అక్టోబరులో ఇన్ఫోసిస్ సహవ్యవస్థాపకుడు నారాయణమూర్తి యువత వారానికి 70 గంటలు పనిచేయాలని సూచించినప్పుడు దేశవ్యాప్తంగా చర్చ జరిగింది. మన కార్మిక చట్టాలు చాలాకాలంగా పాటిస్తున్న పరిమితి 48 గంటలు. కష్టించనిదే ఏ సంస్థా నిలవదన్న మాట నిజమే. కాని తన చేను దున్నుకొనే రైతు వేకువజామున లేవడం వేరు, పాలేరును అర్ధరాత్రి లేపడం వేరు. పంటలో భాగం లేనివానిని నిద్రలో మాత్రం భాగం ఇమ్మనడం న్యాయం కాదు. స్థాపకుని ఉత్సాహం ఇతరుల ఆరోగ్యానికి శాపం కాకూడదు.

నేడు కృత్రిమ మేధ సాయంతో ప్రోగ్రాములు, ప్రకటనలు, వ్యాపార ప్రణాళికలు గంటలలో సిద్ధమవుతున్నాయి. ప్రారంభించడం ఇంత సులభమైన కాలం మునుపు లేదు. అయినా ఏ రోగికి ఏ మందు అందడం లేదో, ఏ రైతు పంట ఎక్కడ కుళ్ళిపోతున్నదో యంత్రం తనంతట తానుగా వెళ్ళి చూసి రాదు. ఆ పని మనిషిదే. మీ ఊరి సంతలో, ఆసుపత్రిలో, పొలంగట్టున గమనించే కన్ను ఉంటే చేయదగిన పనులు కోకొల్లలు.

విద్యార్థులారా! మీలో అందరూ సంస్థలు స్థాపించనక్కరలేదు. కొలువు చేసి జీవించడంలో చిన్నతనం ఏదీ లేదు. పూనుకొన్నవారు మాత్రం ఉద్యోగపర్వంలోని ఒక రాత్రిని స్మరించండి. నిద్రపట్టని ధృతరాష్ట్రుడు విదురుని పిలిపించి, తెల్లవార్లూ నీతులు విన్నాడు. వాటిని కాదనలేదు, మెచ్చుకొన్నాడు కూడా. కాని తెల్లవారిన తరువాత వాటిని ఆచరించలేకపోయాడు. లెక్క తప్పిన తొలినాడే దానిని సరిదిద్దుకొనే అలవాటు ఇప్పటి నుండే, మీ చిన్న ఖర్చుల పుస్తకంలోనే ఆరంభించండి. రేపు మీ సంస్థను నమ్మి వచ్చేవారు నిశ్చింతగా నిద్రపోవడానికి ఆ అలవాటు అవసరమవుతుంది.