హలాల్ ముద్ర సెహత్‌కు జమానత్ కాదు

బేకన్ అంటే ఉప్పు, నైట్రైట్ పట్టించి నిలవ చేసిన పంది మాంసం. మనకది హరామ్. బఖరా సూరా 173వ ఆయత్‌తో ఆ బహస్ ఖతమ్; డాక్టర్ల గవాహీ అక్కర్లేదు.

అయితే 2015 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ కేన్సర్ పరిశోధన విభాగం చెప్పింది ఒక్క పంది గురించే కాదు. ఇలా నిలవ చేసిన గోష్త్ ఏదైనా పెద్దపేగు కేన్సర్‌కు కారణమేనని తేల్చింది. రోజూ 50 గ్రాములు తింటే ఖతరా 18 శాతం పెరుగుతుంది. నూటికి 18 మందికి వస్తుందని కాదు, ముందే ఉన్న ఖతరాకు అంత కలుస్తుందని.

మా ఐ.పోలవరం వైపు నుంచి కువైట్, దుబాయ్ వెళ్లిన పిల్లలకు నాష్తాలో బీఫ్ బేకన్ అలవాటవుతోంది. ఇక్కడ చికెన్ సాసేజ్ బడి పిల్లల డబ్బాలోకి వచ్చింది. అడిగితే "హలాలే కదా!" అంటారు. భాయ్, జబీహా సహీ అయినంత మాత్రాన నైట్రైట్ పోదు.

ప్రోటీన్, బి12 వాటిలో ఉన్నాయి, నిజమే. మన గోదావరి చేపలోనూ, గుడ్డులోనూ ఉన్నాయి, అంత ఉప్పు లేకుండా. అదే సూరా 168వ ఆయత్ హలాల్‌తో పాటు తయ్యిబ్ కూడా అడుగుతుంది. బెహనో, ప్యాకెట్ ముందు హలాల్ ముద్ర చూశాక వెనక్కి తిప్పండి. ఐఎన్ఎస్ 250 అని ఉంటే అది సోడియం నైట్రైట్. రోజూ పెట్టే దస్తర్‌ఖాన్ మీద దానికి జగా వద్దు.