బ్రేకుకు ఏ కాలు?

ఆటోమేటిక్ కారు కొన్న ఇళ్లలో ఈ మధ్య ఒక వాదన తరచు వినిపిస్తోంది. కంప్యూటరులో రేసింగ్ సిమ్యులేటర్ ఆడే అబ్బాయి, "ఎడమకాలు ఖాళీగానే ఉందిగా, బ్రేకు దానికి అప్పగిస్తే పోలేదా?" అంటాడు. అందులో న్యాయం లేకపోలేదు.

ఫార్ములా వన్ కారులో క్లచ్ స్టీరింగు మీదే ఉంటుంది. కింద పెడళ్లు రెండే. ఎడమకాలితో బ్రేకు వేస్తే కాలు మార్చే క్షణం మిగులుతుంది. 1962, 1963లలో మాంటెకార్లో ర్యాలీ గెలిచిన స్వీడన్ డ్రైవరు ఎరిక్ కార్ల్‌సన్‌దీ ఎడమకాలి బ్రేకే.

మన రోడ్ల సంగతి వేరు. ఏళ్ల తరబడి క్లచ్ తొక్కిన ఎడమకాలికి అడుగంటా నొక్కడమే అలవాటు. బ్రేకును అలా తొక్కితే వెనకనున్న బస్సు మన మీదికే వస్తుంది. సిమ్యులేటరులో ఒళ్లు ముందుకు తూలదు కనుక ఆ తేడా పిల్లలకు తెలియదు. పైగా కంగారులో రెండు కాళ్లూ రెండు పెడళ్లనూ తొక్కవచ్చు. కుడికాలొక్కటే అయితే బ్రేకు వేయాలంటే ఆక్సిలరేటర్ వదలక తప్పదు.

తప్పులు దొర్లకుండా బ్యాంకులో ఒక్క పనిని ఇద్దరికి పంచుతాం. కారులో మాత్రం రెండు పనులూ ఒక్క కాలికే అప్పగించడం క్షేమం. తాళంచెవి చేతికిచ్చే ముందు మీ ఇంటి చిరంజీవులకు ఈ మాట చెప్పండి.