ముందు ఏ తాళం?

పిల్లలూ! పలాసలో ఒక జీడిపప్పు కార్ఖానా ఉన్నదనుకోండి. ఉద్దానం తోటల నుంచి వచ్చిన జీడిపిక్కల బస్తాలు అక్కడ రెండు కొట్లలో ఉంటాయి. ఒక్కొక్క కొట్టుకు ఒకటే తాళంచెవి. బస్తాను ఒక కొట్లోంచి రెండో కొట్లోకి మార్చేవాడి దగ్గర రెండు తాళంచెవులూ ఉండాలి. లేకపోతే, మధ్యలో ఇంకొకరు వచ్చి లెక్కపెడితే ఆ బస్తా ఏ కొట్లోనూ కనిపించదు!

రాముడు తూర్పు కొట్టు తాళంచెవి తీసుకుని పడమటిదాని కోసం చూస్తున్నాడు. సోముడు పడమటిది తీసుకుని తూర్పుదాని కోసం చూస్తున్నాడు. పొద్దు గూకినా ఇద్దరూ అట్లాగే నిలబడి ఉంటారు.

దీనికి ఉపాయం సులువే: ఎవరైనా సరే, ముందు తూర్పు తాళంచెవే తీసుకోవాలి. అప్పుడు ఒకడు పని ముగించేదాకా రెండోవాడు ఆగుతాడు, అంతే.

కంప్యూటరులోనూ ఇదే చిక్కు వస్తుంది. దాని పనులన్నీ నడిపించే ముఖ్యభాగాన్ని కెర్నెల్ అంటారు. 1991లో ఫిన్లండు విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లినక్సు కెర్నెలే ఇప్పుడు ఆండ్రాయిడ్ ఫోన్లలో పనిచేస్తున్నది. ఫైలును ఒక ఫోల్డరులోంచి ఇంకొక ఫోల్డరులోకి మార్చేటప్పుడు కెర్నెల్ రెండింటికీ తాళం వేస్తుంది. ఇది ఇనుప తాళం కాదు. "పని జరుగుతున్నది, ఆగండి" అని చెప్పే గుర్తు. ఒక ఫోల్డరు రెండోదాని లోపల ఉంటే, ముందు పైదానికి, తర్వాత లోపలిదానికి వెయ్యాలి. ఈ వరస తప్పితే యంత్రం కదలకుండా పోవచ్చు.

లినక్సును రాసేవాళ్లు వేలమంది. ఒకరి మొహం ఒకరు చూడనివాళ్లే ఎక్కువ. అందుచేత తాళాల నియమాలను కెర్నెల్‌తోపాటే పత్రాలుగా రాసి పెట్టారు. ఏ పని మొదలయ్యేసరికి ఏ తాళం వేసి ఉంటుందో వాటిలో పట్టిక ఉన్నది.

నియమం మారితే పత్రమూ మారాలి. డిస్కు మీది ఫోల్డరులో ఒక పేరు వెతకటానికి పూర్వం ఒక్కొక్కరే వెళ్లేవారు. 2016లో వచ్చిన 4.7 కూర్పు నుంచి, వెతికేవాళ్లు ఎందరైనా ఒకేసారి వెళ్లవచ్చు. మార్చేవాడు మాత్రం ఒంటరిగానే వెళ్లాలి. పాత పత్రాన్ని నమ్మినవాడు, లోపల తాను ఒక్కడే ఉన్నాననుకుని లెక్కలు దిద్దితే, ఎవరి ఫైళ్లో పాడైపోతాయి.

చూశారా! తాళం ఉంటే చాలదు. దాన్ని వేసే వరస అందరికీ తెలియాలి, నేటి వరసే తెలియాలి.

మూడు కొట్లూ ముగ్గురు మనుషులూ ఉంటే చిక్కు ఎట్లా పడుతుందో, ఒకే వరస పెడితే ఎట్లా విడిపోతుందో కాగితం మీద గీసి చూడండి.