స్త్రీల యారోగ్యము: అండాశయమున క్రొత్త అండములు పుట్టునా?

గతమాసమున కలిదిండినుండి యొక సోదరి మాకు జాబు వ్రాసిరి. వయస్సు ముప్పదియాఱు. వివాహమై పదునాలుగేండ్లయినను సంతానము కలుగలేదు. అండాశయమున అండములు తఱిగిపోయినవని యొక వైద్యురాలు చెప్పినదట. మూలకణములను సూదితో నెక్కించి వానిని మరల పుట్టింతుమని వేఱొకచోట చెప్పుచున్నారట. చేపలచెఱువు తాకట్టుపెట్టి యచ్చటికి పోవచ్చునా యని యామె ప్రశ్న. ఇట్టి సందేహము పెక్కు గృహములలో నున్నది గనుక సమాధానము నిచ్చటనే వ్రాయుచున్నాము.

కలిదిండి సోదరీమణులకు చేపలసంగతి మేము చెప్పనక్కఱలేదు. తల్లిచేప యేటేట లక్షలకొలది గ్రుడ్లు పెట్టును. చేప పెద్దదైన పిమ్మటకూడ అండములను పుట్టించు కణములు దాని కడుపున నిలిచియుండుటయే యిందులకు కారణము. 2010లో జపానుదేశపు శాస్త్రజ్ఞులు మెడాకా యను చిన్నచేపయందు వీనిని మూలకణములుగా నిరూపించిరి.

స్త్రీశరీరపు లెక్క వేఱు. ఆడశిశువు తల్లిగర్భమున నైదవనెలలో నున్నపుడు దాని యండాశయములందు అఱువది డెబ్బది లక్షల అండములుండును. పుట్టునప్పటికి 10 మొదలు 20 లక్షలు, రజస్వలయగునప్పటికి 3, 4 లక్షలు మిగులును. వీనిలో పక్వమై వెలువడునవి జీవితకాలమున 400, 500 మాత్రమే. తక్కినవి తమంతట క్షీణించును. గాదెలోని గింజవలె తఱుగుటయే గాని పెరుగుట లేదు. ముప్పదియైదేండ్లు దాటినపిదప తఱుగుదల వేగిరపడును. ఇది యామె చేసిన తప్పును గాదు, పాపఫలమును గాదు.

ఈ సిద్ధాంతమును 1951లో జుకర్మన్ అను పండితుడు బలపఱచెను. అర్ధశతాబ్దము దానికి తిరుగులేదు. 2004లో అమెరికాలో జోనథన్ టిల్లీ బృందమువారు ఎలుకలయందును, 2012లో స్త్రీల యండాశయములందును, అండములుగా మాఱగల మూలకణములున్నవని ప్రకటించిరి. లోకమంతట ఆశ చిగిర్చినది. కాని 2020లో స్వీడనుదేశపు కరోలిన్‌స్కా సంస్థవారు వేలకొలది కణములను విడివిడిగ పరిశీలించి, అట్టి మూలకణములు కానరాలేదనియు, మూలకణములని యెంచి పట్టినవి రక్తనాళములచుట్టు నుండు కణములే యనియు తెల్పిరి. వాదము నేటికిని ముగియలేదు. ఈ కణములనుండి పుట్టిన అండముచే ఏ స్త్రీకైనను బిడ్డ కలిగినట్లు మాత్రము నిరూపితము కాలేదు.

కావుననే భారత వైద్య పరిశోధనా మండలివారు 2017 నాటి నియమములలో, కొన్ని రక్తసంబంధ వ్యాధులకు తప్ప, అనుమతి పొందిన పరిశోధనకు వెలుపల మూలకణములను చికిత్సగా నుపయోగింపరాదని శాసించిరి.

2019 సెప్టెంబరులో గుంటూరునందు డెబ్బదియేండ్లు దాటిన తల్లి కవలలను కనలేదా యని కొందఱడుగుదురు. నిజమే. కాని యామె యండాశయము మరల చిగిర్చినందున గాదు; మఱియొక స్త్రీ దానమిచ్చిన అండములతో నా గర్భము నిలిచినది. ఆ వయస్సున కాన్పు తల్లి ప్రాణమునకే ముప్పు. 2021 నాటి చట్టము ఇట్టి చికిత్స పొందుటకు స్త్రీకి 21 మొదలు 50 ఏండ్లు, పురుషునికి 21 మొదలు 55 ఏండ్లు హద్దుగా విధించినది.

ఇక సోదరికి మా సలహా. చెఱువు తాకట్టు పెట్టవలదు. ఆ జాబు నాలుగు పుటలున్నది. అందు భర్తకు పరీక్ష జరిగినట్లు ఒక్కమాట లేదు. సంతానములేని దంపతులలో దాదాపు సగముమందియెడ పురుషుని లోపము కొంతయైన నుండును. వీర్యపరీక్ష సులభము, చవుక, బాధయు లేదు. ముందుగా నది చేయింపుడు. గర్భనాళములు మూసికొనినవేమో, థైరాయిడ్ దోషమున్నదేమో, పూర్వమెన్నడైన క్షయ సోకినదేమో చూపించుకొనుడు. ఏ.ఎం.హెచ్. అను రక్తపరీక్ష అండములెన్ని మిగిలినవో సూచించును గాని, ఇక గర్భము రాదని తీర్పు చెప్పదు. కాలము మాత్రము పోనీయరాదు. ముప్పదియైదు దాటినవారు ఆఱునెలలు, చిన్నవారు ఏడాది చూచి వైద్యుని దర్శింపవలెను. ఉన్న అండములతో ఐ.వి.ఎఫ్., దానముగా పొందిన అండము, దత్తత, ఈ మార్గములు మీ యెదుట నున్నవి. మూలకణముల పేరు చెప్పువారిని, ఈ చికిత్సకు అనుమతి యేది, దీనివలన పుట్టిన బిడ్డలెందఱని వ్రాతమూలమున నడుగుడు.

అత్తలకు నొక విన్నపము. పదునాలుగేండ్లు కోడలిని మాత్రమే వైద్యులచుట్టు త్రిప్పి, కుమారుని నొక్కనాడును పంపకుండుట న్యాయము కాదు. "గొడ్రాలు" అను మాట నోట రాకముందు ఆ పరీక్ష చేయింపుడు. మీ యింటి చెఱువును నిలుచును, కోడలి మనస్సును నిలుచును.